పదో రోజు చీర

నేను ఒక చీరను. మంగళగిరి నేత, నూలు. రంగు ఏమిటని అడిగితే బియ్యం కడిగిన నీళ్ళ రంగు అని చెప్పుకోవాలి. అంచు సన్నగా, నల్లగా ఉంటుంది, దాని పక్కనే వెంట్రుకంత జరీ గీత. పట్టుచీరలా పెళపెళలాడను, జార్జెట్‌లా జారిపోను, కట్టుకున్నవాళ్ళ ఒంటి మీద నిలబడతాను. ఇదంతా గొప్ప చెప్పుకోవడం కాదు. గొప్ప చెప్పుకోవాలంటే ముందు నన్ను ఎవరైనా కట్టుకుని ఉండాలి కదా! ఇన్నేళ్ళ బతుకులో నేను ఇద్దరి ఒంటి మీదికే ఎక్కాను. వాళ్ళిద్దరూ తల్లీకూతుళ్ళు కావడం నా కర్మ.

నన్ను నేసినాయన పేరు వీరరాఘవులు. గుంట మగ్గంలోకి కాళ్ళు దించుకుని కూర్చుని పొద్దస్తమానం రేడియోతో పోట్లాడుతూ నేసేవాడు. రేడియోలో ఎవరు ఏం చెప్పినా ఆయనకు నచ్చదు. "నీ మొహం, నీకేం తెలుసు" అంటూనే నాడె అటూ ఇటూ విసిరేవాడు. అరుగు మీద నూలు కండెలు చుట్టుకునే భార్య "అది నీ మాట ఇనదు లేవయ్యా, దాన్ని వదిలెయ్" అని నవ్వేది. ఒకే పడుగు మీద మేం అక్కచెల్లెళ్ళం నలుగురం పుట్టాం. మగ్గం దిగిన రోజున మా నలుగురిలో ఎవరు ఎవరో చెప్పమంటే బ్రహ్మదేవుడి వల్ల కూడా అయ్యేది కాదు. తేడాలన్నీ తర్వాత మనుషులు పెట్టినవే.

తెనాలిలో ఒక బట్టల కొట్టుకు చేరాం. మాలో ఒకదాన్ని ఎవరో లెక్చరరుగారు పదవీ విరమణ సభకని ముచ్చటపడి తీసుకుపోయారు. ఇంకొకదాన్ని కొట్టు ముందు బొమ్మకు కట్టారు, అది రోడ్డు చూస్తూ తెగ మురిసిపోయేది. నేను అరలో ఉండగానే ఒకరోజు గడ్డం మాసిన మనిషి ఒకాయన వచ్చాడు. లోపలికి రాలేదు. గడప దగ్గరే నిలబడి "పదో రోజుకండీ, మా చెల్లెలికి" అన్నాడు. పేరు బసవపున్నయ్య అని తర్వాత తెలిసింది. షావుకారు రంగుల వైపు పోబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని నన్ను లాగాడు. ఆయన విప్పి చూపించలేదు, ఈయన విప్పమనలేదు. మిగతావాళ్ళకైతే మంచి సంచిలో పెట్టి "మళ్ళీ రండమ్మా" అంటూ ఇచ్చే షావుకారు, నన్ను పాత పేపర్లో చుట్టి ఇచ్చి మొహం పక్కకు తిప్పుకున్నాడు. కొన్నాయన కూడా "వస్తానండీ" అనలేదు. అప్పుడే నా గుండెల్లో రాయి పడింది. ఇటువంటి బేరానికి మళ్ళీ రమ్మని ఎవరూ అనరు, వస్తామనీ ఎవరూ అనరు.

ఆ చెల్లెలి పేరు సామ్రాజ్యం. ఆమె భర్త పూర్ణచంద్రరావు బస్సు కండక్టరు. ఒక ఉదయం డ్యూటీకి బయల్దేరుతూ, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ ముందుకు ఒరిగిపోయాడట. మళ్ళీ లేవలేదు. మగడు పోయిన పదో రోజున ఆడదానికి పుట్టింటివాళ్ళు చీర తేవాలి. అది ఆ ఇళ్ళల్లో ఆచారం. ఆ తెచ్చిన చీరను నేను. నలుగురు ఆడవాళ్ళు ఆమెకు తలమీదుగా నీళ్ళు పోసి, తడి ఒంటి మీద నన్ను కప్పి, ఎలాగో చుట్టబెట్టారు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరవమ్మా, తెరవమ్మా అని ఎంతమంది అన్నా తెరవలేదు. ఆమెకు ఒక కూతురు, హిమబిందు. అప్పుడు రెండో తరగతి. ఈ తంతు పిల్ల కంటపడకూడదని పొద్దున్నే కింద వాటాలో ఉండే నౌషీన్ వాళ్ళింటికి ఆడుకోమని పంపేశారు. ఆ పిల్ల సాయంత్రం వచ్చేసరికి నేను మడతలు పడి ఇనప పెట్టె అడుగున ఉన్నాను.

ఆ తర్వాత నన్ను ఎవరూ తియ్యలేదు. సామ్రాజ్యానికి భర్త డిపోలోనే అటెండరు ఉద్యోగం ఇచ్చారు. రోజులు మారాయి కాబట్టి రంగు చీరలే కట్టుకుని వెళ్ళేది, ఎవరూ ఏమీ అనలేదు. నన్ను మాత్రం ముట్టుకునేది కాదు. పారేస్తే పుట్టింటివాళ్ళను పారేసినట్టు, కట్టుకుంటే ఆ రోజును కట్టుకున్నట్టు. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది! నా మీద బిందు పాత యూనిఫారాలు, పొట్టిదైపోయిన స్వెట్టరు, నాలుగు కలరా ఉండలు పడేసి మూత వేసింది. మూత వంకరపోయి సరిగ్గా పడేది కాదు. ఆ సందులోంచే నేను ఆ ఇంటి సంగతులన్నీ చూశాను.

చూసినవాటిలో నాకు కడుపు నిండేట్టు నచ్చింది ఆ బిందు ఆట ఒక్కటే. డిపోలో ఆడవాళ్ళ గదికి ఒక మాసపత్రిక వచ్చేది. అందరూ చదివేశాక పాతవాటిని సామ్రాజ్యం ఇంటికి తెచ్చేది, వంటల పేజీల కోసం. బిందు మాత్రం బట్టల పేజీలు చించి గోడకు అంటించేది. వాటిలో ఆడపిల్లలు తొడుక్కున్నవి కొనే స్తోమత ఆ ఇంట్లో ఎక్కడిది? అందుకని ఇంట్లో ఉన్నవాటినే బొమ్మలో ఉన్నట్టు కట్టేది. తల్లి లోలంగాను పైకి వేసుకుని, మీద నడుముకు చున్నీ బిగిస్తే అది ఏదో ఫారిన్ దొరసాని గౌను అయిపోయేది. కిటికీ కర్టెన్ భుజాన పడితే కోటు. తండ్రి లుంగీ ముందు వైపు ముడేస్తే అచ్చం పేజీలో ఉన్న పొడుగు స్కర్టు. కింద వాటా నౌషీన్ డాబా మీద ఫోన్‌తో ఫోటోలు తీసేది. ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవాళ్ళు.

ఒకసారి తువ్వాలు తలకు చుట్టుకుని పేజీలో పిల్లలాగా గడ్డం పైకెత్తి నిలబడితే, అప్పుడే డిపో నుంచి వచ్చిన సామ్రాజ్యం సంచి కింద పెట్టకుండానే "పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నాడంట వెనకటికెవరో! దుప్పట్లన్నా మిగలనిస్తావా లేదా?" అంది. అంటూనే నవ్వింది. ఆ పిల్ల ఒంటి మీద ఏ గుడ్డ పడినా దానికో కళ వచ్చేది. నేను పెట్టె అడుగున పడుండి కుళ్ళుకునేదాన్ని. కర్టెన్‌కు పట్టిన అదృష్టం నాకు పట్టలేదే అని.

బిందు డిగ్రీ అయిపోయిన ఎండాకాలంలో ఆ పత్రికవాళ్ళు ఒక పోటీ పెట్టారు. మా ముఖచిత్రాన్ని మీ ఇంట్లో ఉన్న బట్టలతోనే తయారుచేసి ఫోటో పంపండి, కొత్తవి కొనకూడదు, నెగ్గినవాళ్ళను హైదరాబాదు పిలిచి మా స్టూడియోలో బట్టల అలంకరణ పని నేర్పిస్తాం, ఉండటానికి చోటు కూడా ఇస్తాం అని. బిందు ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని తల్లితో ఒప్పందం పెట్టుకుంది. "ఇందులో నెగ్గితే నన్ను పంపాల. నెగ్గకపోతే నోరు మూసుకుని నువ్వు చెప్పినట్టు బీఈడీ చేస్తా. మళ్ళీ ఈ ఊసే ఎత్తను." సామ్రాజ్యం కూర వడ్డిస్తూ "సర్లే, నెగ్గినప్పుడు కదా" అంది. ఎన్ని వేలమంది పంపుతారో, వీళ్ళ పిల్ల ఎక్కడ నెగ్గుతుందిలే అనుకుని ఉంటుంది.

ముఖచిత్రంలో ఉన్నదేమిటంటారా? లేత రంగు నేతచీర, నల్ల అంచు. రవికె బదులు మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా. కుచ్చిళ్ళ మీదుగా నడుముకు తోలు బెల్టు. చొక్కా, బెల్టు వెతకనక్కర్లేదు. పూర్ణచంద్రరావు నీలం గీతల చొక్కా, జేబు మూల సిరా మరకతో సహా, బీరువాలో హ్యాంగరుకు వేలాడుతూనే ఉంది. ఆయన బెల్టుకే కాల్చిన మేకుతో ఇంకో బెజ్జం వేస్తే సరిపోయింది. చీర దగ్గరే వచ్చింది చిక్కు. తల్లి చీరల్లో అటువంటిది లేదు. బీరువా అంతా వెతికి, చివరికి తల్లి డ్యూటీలో ఉండగా ఇనప పెట్టె తెరిచింది. యూనిఫారాలు తీసింది, స్వెట్టరు తీసింది, నన్ను చూసింది.

"నౌషీనూ! ఇట్టా రావే! అమ్మ ఎంత మంచి చీర దాచిందో చూడవే!" అని అరిచింది.

ఎన్నాళ్ళకు నన్ను మంచి చీర అన్నారు! నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వద్దే పిల్లా, నేను ఫలానా అని చెప్పడానికి నాకు నోరు లేదు. ఆ పిల్లకు చెప్పినవాళ్ళు కూడా ఎవరూ లేరు. కంటపడకూడదని ఆ రోజు ఇంట్లోంచే పంపేశారు కదా, ఇక తెలిసేదెట్లా? నన్ను ఇస్త్రీ చేసింది. తండ్రి చొక్కా తొడుక్కుని, నన్ను కట్టుకుని, కుచ్చిళ్ళు సర్ది, బెల్టు బిగించి అద్దం ముందు నిలబడింది. ఎదురుగా పత్రిక పేజీ. ఆ పేజీలో ఉన్న చీరా మా ఊరిదే, అంచు చూస్తే తెలియదూ! కానీ నిజం చెప్పొద్దూ, ఆమె కంటే మా బిందూనే బాగుంది. ఆమె చొక్కా కొత్తది, దానికి ఎవరి భుజాలూ తెలియవు.

నౌషీన్ ఫోటో తీసి పంపింది, నన్ను మళ్ళీ పెట్టెలో పెట్టేశారు. పత్రికవాళ్ళకూ అట్లాగే అనిపించినట్టుంది. ఫోన్ చేసి నువ్వే నెగ్గావమ్మా అన్నారు. బిందు ఆ మాట తల్లికి చెప్పలేదు. పత్రిక అచ్చయి వచ్చాక చేతిలో పెట్టి చూపించాలని ఆశ. వచ్చింది. సామ్రాజ్యం డ్యూటీ దిగి కాళ్ళు కడుక్కుని కూర్చోగానే పేజీ తెరిచి ఒళ్ళో పెట్టింది.

సామ్రాజ్యం ముందు చొక్కా చూసింది. మొహమంతా నవ్వయింది. "ఓసి నీ దుంప తెగ! మీ నాన్న చొక్కా! ఇది చూసుంటే డిపో అంతా తిప్పి చూపించేవాడే మీ నాన్న!" అంటూ సిరా మరక మీద వేలు పెట్టింది. ఆ వేలు అక్కణ్ణుంచి చీర మీదికి జరిగింది. ఆగింది.

"ఈ చీర ఎక్కడిది?"

"మనదే. పెట్టెలోది. నీకు గుర్తే లేదు చూడు!"

సామ్రాజ్యం పత్రిక మూసేసి పక్కన పెట్టింది. బిందు ఏమైంది, ఏమైంది అని భుజం కుదిపితే చివరికి చెప్పింది. "అది మీ నాన్న పోయిన పదో రోజున మావయ్య నాకు తెచ్చిన చీరే. పెళ్ళికాని పిల్లవి. ఒళ్ళంతా చుట్టుకున్నావా, అమ్మా?" అని వణికిపోయింది. కోపంగా అని ఉంటే బిందు పోట్లాడి ఉండేది. వణికేసరికి ఆ పిల్ల తల్లి పక్కన కూలబడింది.

బంధువుల్లో ఎవరో పత్రిక చూశారు. రెండు రోజుల్లోనే బసవపున్నయ్య బస్సు దిగాడు. జుట్టు నెరిసింది, మనిషి ఒంగాడు. మంచినీళ్ళు తాగి, పెద్దరికం గొంతులోకి తెచ్చుకుని తీర్పు చెప్పాడు. "చీరని కాలవలో ఒదిలెయ్. పిల్లకి తలమీదుగా పసుపు నీళ్ళు పొయ్యి. ఈ ఏడాది మాత్రం గడప దాటనీకు అమ్మాయ్. హైదరాబాదూ లేదు, ఏమీ లేదు. రేపు ఏదన్నా అయితే..."

"ఏదన్నా అయితే" అన్న మాటను మధ్యలో వదిలేయడం పెద్దవాళ్ళకు బాగా అలవాటు. మిగతాది వినేవాళ్ళ గుండెలు పూరించుకుంటాయి.

బిందు ఊరుకోలేదు. "మావయ్యా, నాన్న ఏ చీర కట్టుకున్నాడని పోయాడు?" అంది.

సామ్రాజ్యం చెయ్యెత్తింది. కొట్టలేదు. ఆ చేత్తోనే నోరు మూసుకుంది. కాసేపటికి ఆమె లేచి, పత్రిక తెచ్చి, ఆ పేజీ అన్న ముందు పరిచింది.

"అన్నయ్యా, నువ్వు తెచ్చిన చీర రంగేందో నాకు ఈ బొమ్మ చూశాకే తెలిసింది. ఆ రోజు నేను చూడలా. తర్వాతా చూడలా. ఎంత మంచి చీర తెచ్చావయ్యా నాకు!"

బసవపున్నయ్య బొమ్మ వైపు వంగి చూశాడు. పెద్దరికమంతా ఎక్కడికి పోయిందో, కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నేను మాత్రం చూశానా అమ్మాయ్! కొట్లో విప్పమని అడగలేకపోయా. నీ పెళ్ళికి చీర కొన్నప్పుడు కొట్టంతా పీకించినోణ్ణి..." అన్నాడు. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతూ గడప దగ్గర ఆగి, మళ్ళీ అదే మాట అన్నాడు, ఈసారి బతిమాలుతున్నట్టు. "నా మాట ఇను. పిల్లని పంపొద్దు."

హైదరాబాదులో చేరమన్న తేదీ దగ్గరపడుతోంది. ఆ ఇంట్లో వంట అవుతోంది కానీ ఎవరూ తినడం లేదు. బిందు సంచి సర్దుకోవడం, తీసేయడం, మళ్ళీ సర్దుకోవడం. సామ్రాజ్యం వచ్చి పెట్టె మూత మీద చెయ్యి వేయడం, తీసేయడం. పెట్టెలో పడున్న నాకు ఒకటే బెంగ. నావల్ల ఆ పిల్ల ఆగిపోతుందా? నిజంగానే నాలో ఏదైనా ఉందా? వీరరాఘవులు రేడియోను తిట్టుకుంటూ నేసిన నూలేగా నేను, ఇంకేముంటుంది! అయినా ఇన్నేళ్ళు దూరం పెట్టి, చివరికి ఒక మాట కూడా అంటే, అది పడ్డవాళ్ళకే నిజమేమోనని అనుమానం పుడుతుంది. నాకూ పుట్టింది.

ఆదివారం మధ్యాహ్నం సామ్రాజ్యం నన్ను పెట్టెలోంచి తీసింది. బీరువాలోంచి నీలం గీతల చొక్కా తీసి బిందు చేతిలో పెట్టింది. "ఇది నువ్వు తీసుకుపో. రేపు బయల్దేరు. చీర నేను కాలవలో ఒదిలేసొస్తా. మావయ్యకి నేను చెప్పుకుంటా."

"చీర ఏం చేసిందమ్మా?" అంది బిందు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "నీకు నచ్చిందిగా! దాన్ని కూడా ఉంచు."

"ఏం చేయలా. నాకు తెలుసు, అదేం చేయలా. కానీ అది ఈ ఇంట్లో ఉండి, నువ్వు ఆ ఊళ్ళో ఉంటే, నీకు జలుబు చేసినా నా ప్రాణం దాని మీదికే పోద్ది. నిన్ను పొమ్మని రోజూ దాన్ని చూసుకుంటా కూర్చోలేనే అమ్మా. ఆపితే నిన్నాపాల, లేకపోతే దాన్ని ఒదలాల. నాకు అంతకంటే ధైర్యం లేదు."

అంత నిజాయితీగా చెప్పిన మనిషి మీద కోపం ఎట్లా వస్తుంది? నాకు రాలేదు. బిందుకు వచ్చిందేమో, కాలవ దాకా వెనకాలే వచ్చింది కానీ రేవులోకి దిగలేదు. తండ్రి చొక్కా తొడుక్కుని గట్టు మీదే నిలబడింది. సామ్రాజ్యం మెట్లు దిగి, నీళ్ళ పక్కన నన్ను పూర్తిగా విప్పింది. అంచు పొడుగునా చెయ్యి వేసి చూసింది. జరీ గీతను గోటితో తడిమింది. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తెలుసుకుని, నా కొంగు ఒక్కసారి తన భుజాన వేసుకుంది. కింద నీళ్ళలోకి చూసుకుంది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

తర్వాత వంగి నన్ను వదిలేసింది. నేను రెండు బారలు పోయేదాకా ఆమె చెయ్యి నీళ్ళలోనే ఉంది.

బిందు మర్నాడు వెళ్ళిందా? నేను చూడలేదు. వెళ్ళే ఉంటుందని నమ్ముతాను. వెళ్ళకపోతే నేను కొట్టుకుపోయిందంతా దండగే అవుతుంది, అది మాత్రం నేను తట్టుకోలేను.

నీళ్ళు నన్ను ఎంతదూరం ఈడ్చాయో తెలియదు. బురద తాగాను, తూటికాడలకు చిక్కాను, ఒక తూము దగ్గర ఇరుక్కుని ఉండిపోయాను. నాట్లకు వచ్చిన ఆడవాళ్ళు అక్కడ కాళ్ళు కడుక్కుంటుంటే సువార్త అనే పిల్ల నన్ను లాగింది. చంటిబిడ్డ తల్లి. "అబ్బ, ఏం చీర! చెక్కు చెదరలా" అంది.

పక్కనున్న పెద్దామె "కాలవలో చీర ఊరికే ఒదలరే పిచ్చిదానా. ఏ పదో రోజుదో అయ్యుంటది. పారెయ్" అంది.

"అయితే ఏందంట పిన్నీ? నా బిడ్డకి ఎండ తగలకుండా ఉంటే చాలు" అని సువార్త నన్ను రాతి మీద నాలుగు బాదులు బాది, ఆరేసి, గట్టు మీద తుమ్మచెట్టు కొమ్మకు ఉయ్యాల కట్టేసింది. అందులో బిడ్డను వేసి, ఒక ఊపు ఊపి, మళ్ళీ మడిలోకి దిగిపోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

ఆమెకు భయం లేదు. భయమంతా నాకు పట్టుకుంది. సామ్రాజ్యం ఇంట్లో విన్న మాటలన్నీ నా పోగుపోగులోనూ నానిపోయినట్టున్నాయి. అరచేతంత మొహం, మూసిన గుప్పిళ్ళు, ఒంటి మీద నూలుపోగు లేదు, చుట్టూరా నేనే. ఓరి దేవుడా, ఈ పసిదాని మీద నన్నా! ముడి జారకుండా కొమ్మను గట్టిగా పట్టుకున్నాను. గాలి వీస్తే భయం. చీమ పాకితే భయం. బిడ్డ ఒకసారి తుమ్మింది, నా పైప్రాణాలు పైనే పోయాయి. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా దాని ఊపిరినే వింటూ వేలాడాను.

అప్పుడు బిడ్డ కదిలింది. రెండు కాళ్ళతో నన్ను తన్నింది. మొహం ఎర్రబడేదాకా ముక్కి, చెరువుకు గండి పడ్డట్టు ఏడుపందుకుంది. నాకు కాళ్ళూ చేతులూ ఉంటే అప్పుడే చల్లబడి ఉండేవి. సువార్త మడిలోంచే తలెత్తి చూసి, చేతి బురద కడుక్కుంటూ గట్టెక్కి వచ్చింది. బిడ్డను ఎత్తుకుని, తుమ్మచెట్టు కింద కూలబడి, పాలకు వేసుకుంది. ఏడుపు ఆగింది.

ఆకలి ఏడుపు. ఒట్టి ఆకలి ఏడుపే.